బంపర్‌కి తుప్పు పట్టదు

హైవే మీద ముందు వెళ్తున్న లారీ టైరు కింద నుంచి ఒక కంకర రాయి ఎగిరొచ్చి, కారు బానెట్ మీద మినపబద్దంత పెచ్చు లేపిందనుకోండి. ఇంకో రాయి బంపర్ మీద అంతే పెచ్చు లేపింది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ చాలా కార్లలో బానెట్ ఉక్కు రేకు, బంపర్ ప్లాస్టిక్. రేకు దాకా దిగిన పెచ్చుని వదిలేస్తే తుప్పు మొదలై, చుట్టూ ఉన్న మంచి రంగు కిందకి పాకుతుంది. బంపర్ మీది పెచ్చు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ఏమీ కాదు.

మరి రెంటినీ ఎందుకు బాగుచేస్తాం? బానెట్ మీద చేసేది వైద్యం, బంపర్ మీద చేసేది అలంకారం అని తేల్చేయొచ్చు. మొదటిది కారు కోసం, రెండోది పక్కింటివాళ్ల కళ్ల కోసం. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

పని మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. కడిగి, ఆరబెట్టి, రేకు మీద తుప్పుంటే వాటర్ పేపర్ చిన్న ముక్కతో ఆ చుక్క మేరకే గీకి, ప్రైమర్ పెట్టాలి. డోర్ ఫ్రేమ్ మీదో బానెట్ కిందో ఉండే స్టిక్కర్‌లో కలర్ కోడ్ చూసి తెచ్చుకున్న రంగుని టూత్‌పిక్ కొసతో పలచగా అద్దాలి. ఆరాక మళ్లీ. ఓపిక లేక ఒకేసారి దట్టంగా పెడితే పొక్కులా నిలబడిపోతుంది. కోడ్ ఒకటే అయినా, ఎండకి వెలిసిన పాత రంగులో కొత్త చుక్క పూర్తిగా కలవదు. మెటాలిక్ రంగైతే ఇక చెప్పక్కర్లేదు. నాలుగడుగుల దూరంలో కనపడదు, వంగి చూస్తే తెలిసిపోతుంది.

1939లో రోమ్‌లో ఏర్పడిన కళాఖండాల పునరుద్ధరణ సంస్థకి మొదటి డైరెక్టర్ చెజారె బ్రాండి. ఆయన కోరింది సరిగ్గా ఇదే. పాత చిత్రంలో రంగు రాలిన చోటు నింపండి, దూరం నుంచి చూసేవాళ్లకి చిత్రం తెగినట్టు ఉండకూడదు. దగ్గరికొచ్చినవాళ్లకి మాత్రం ఎక్కడ నింపారో తెలియాలి. అందుకే అక్కడ సన్నటి నిలువు గీతలతో నింపే పద్ధతి తయారైంది. మన టూత్‌పిక్ చుక్క చేతకాకే అయినా ఆ నియమాన్ని పాటించేస్తుంది!

చిక్కు కారు అమ్మేటప్పుడు వస్తుంది. సెకండ్ హ్యాండ్ బేరాల్లో "ఒరిజినల్ పెయింట్, టచప్ లేదు" అన్నది మంత్రం. రంగు మందం కొలిచే మీటర్ పెట్టి చూసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం న్యాయమైనదే, డోరు మొత్తానికి కొత్త రంగుంటే దాని వెనక యాక్సిడెంట్ ఉండొచ్చు. కానీ ఈ లెక్కలో, తుప్పు పట్టేదాకా వదిలేసినవాడి బండి ఒరిజినల్, చుక్క పెట్టి కాపాడుకున్నవాడిది టచప్ బండి. పట్టించుకోకపోవడానికి నిజాయితీ సర్టిఫికెట్ ఇవ్వడం నాకు మింగుడుపడదు. ("నేనింతే, ఉన్నదున్నట్టు ఉంటా" అనే మనుషులకీ ఇలాంటి మార్కులే పడుతుంటాయి.)

సరే, చెయ్యి తిరిగినవాళ్లు 2000 నంబర్ వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, పాలిష్ పట్టి, చుక్క ఆనవాలే లేకుండా చేశారనుకుందాం. ఇక వంగి చూసినా తెలియదు. అంటే చుక్క చెప్పాల్సిన మాట ఇప్పుడు అమ్మేవాళ్లే చెప్పాలి. కొనేవాళ్లు అడక్కపోతే?

ఇక్కడే నా వైద్యం, అలంకారం లెక్క తిరగబడింది. బానెట్ మీద చేసిన మంచి పని గురించే అడక్కపోయినా చెప్పాలి. గీకగా మిగిలిన తుప్పు ఏ కాస్త ఉన్నా, రెండు వానాకాలాల తర్వాత బుడిపెలా లేచేది కొన్నవాళ్ల ఇంటి ముందే. "ఇదిగో, ఇక్కడ రేకు కనపడితే నేనే అద్దాను, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంటే బేరంలో నాలుగైదు వేలు తగ్గొచ్చు. తగ్గనీ.

బంపర్ మీద చుక్క గురించి మాత్రం నోరు మెదపను. అక్కడ రంగు కింద ఉన్నది ప్లాస్టిక్కే.