తెలియనివాళ్ళ పుణ్యం

బాస్రాలో చేపలమ్మే మనిషికి నాకంటే బాగా అరబీ వచ్చు. ఆయన ఐదేళ్ళ మనవడికి కూడా వచ్చు. అందుకు వాళ్ళకెవరూ జీతం ఇవ్వరు. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి నాకు ఇస్తోంది. ఎమ్మే దాకా కూర్చుని నేను నేర్చుకున్నది, అక్కడి పిల్లలు అన్నం తింటూ నేర్చుకునేదే అయినప్పుడు, ఈ డబ్బు దేనికిస్తున్నట్టు? ఉద్యోగం లేని రోజుల్లో ఈ సందేహం రాలేదు. అప్పుడు ఉన్నదల్లా దిగులు. ఉద్యోగం దొరికాకే ఇది పట్టుకుంది.

విద్య దొంగలెత్తుకుపోలేని ధనమనీ, పంచేకొద్దీ పెరుగుతుందనీ చిన్నప్పటినుంచీ చెప్తారు. నా విద్య అలా లేదు. రేపు పొద్దున ఈ ఊళ్ళో లక్షమందికి అరబీ వచ్చేస్తే నా బుర్రలో ఉన్నది ఆవగింజంత కూడా తరగదు, జీతం మాత్రం పోతుంది. అంటే ఆస్పత్రి కొంటున్నది నాకు తెలిసినదాన్ని కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకపోవడాన్ని. ఏ వస్తువుకైనా కరువును బట్టే ధర కదా అంటారు. నిజమే. కానీ కరువు తీరాక కూడా కందిపప్పు కడుపు నింపుతుంది. అరబ్బుల మధ్య నా అరబీ దేన్ని నింపుతుంది?

చదువుకునేటప్పుడు మాకు ఐక్యరాజ్యసమితిని చూపించేవాళ్ళు. 1973లో అక్కడ అరబీ అధికార భాషల్లో చేరింది, ఇక మీకేం కొదవ అని. అక్కడి అనువాదకులు ప్రధానంగా తమ సొంత భాషలోకే అనువదిస్తారనీ, ఆ సొంత భాష ఆరు అధికార భాషల్లో ఒకటై ఉండాలనీ ఎవరూ చెప్పలేదు. తెలుగింట్లో పుట్టినవాళ్ళకు ఆ గుమ్మం అక్కడే ఆగిపోతుంది. మన విదేశాంగ శాఖైతే ఐఎఫ్ఎస్‌కు ఎంపికైనవాళ్ళకు ఒక విదేశీ భాషను తన ఖర్చుతో తనే నేర్పించుకుంటుంది. అదే భాషను ముందే నేర్చుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళతో దానికి పెద్దగా పనిలేదు. నా తోటివాళ్ళు కొందరు గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో రాత్రిళ్ళు అరబీ పోస్టులు చూస్తూ, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే పనిలో చేరారు. నేను ఇంటర్నేషనల్ పేషెంట్స్ డెస్క్‌కొచ్చాను. ఇరాక్, యెమెన్, సూడాన్, ఒమన్‌ల నుంచి వచ్చినవాళ్ళను డాక్టరు గదిలోకి తీసుకెళ్ళి, అటు మాట ఇటు, ఇటు మాట అటు.

అసలు మేం చదివింది అక్కడి పిల్లలు అన్నం తింటూ నేర్చుకునే అరబీ కూడా కాదు, ఫుస్హా. పుస్తకాల్లో, పత్రికల్లో, టీవీ వార్తల్లో ఉండే అరబీ. ఇంట్లో ఎవరూ మాట్లాడరు. రోగులు నేను చెప్పింది గౌరవంగా వింటారు. తర్వాత వాళ్ళు మాట్లాడేటప్పుడు సూడాన్ వాళ్ళదొక తీరు, బాగ్దాద్ వాళ్ళదింకో తీరు.

ఒకరోజు బాస్రా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కాలి పుండు మానడం లేదు, షుగరు దిగడం లేదు. పక్కన కొడుకు. చక్రాల కుర్చీ తోసుకొచ్చింది వాళ్ళ క్యాబ్ డ్రైవరు, రాజంపేట మనిషి. చాలా ఏళ్ళు కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేసొచ్చాడు. కువైట్‌కీ బాస్రాకీ మధ్య దూరం ఎంతో లేదు, మాటలూ దగ్గరే. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అని డాక్టరడిగితే నేనడిగాను. అల్‌హమ్దులిల్లా, అన్నీ వేసుకుంటున్నానన్నాడు పెద్దాయన. తలుపు దగ్గరనుంచి డ్రైవరు మెల్లిగా, "ఇన్సులిన్ ఎప్పుడో మానేసినాడంట మేడమ్ ఆయప్ప. కార్లో చెప్పినాడు. కొడుకు ముందర చెప్పల్యాకపోతాండాడు. ఆ పిల్లోణ్ణి రవ్వంతసేపు బయటికి పంపీండి" అన్నాడు.

ఇతనెవరని డాక్టరు నన్నడిగారు. డ్రైవరన్నాను. కొడుకును ఫార్మసీకి పంపించి, "మీరడగండి" అన్నారు నాతోనే. మళ్ళీ అడిగాను. మళ్ళీ అల్‌హమ్దులిల్లా. అప్పుడు డ్రైవరు ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఏదో అన్నాడు. నాకు సగం అందలేదు. పెద్దాయన గట్టిగా నవ్వేసి, మొత్తం చెప్పేశాడు. డ్రైవరు తెలుగులో నాకు చెప్పాడు, నేను ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పాను. ఫైల్లో దుబాసీ సంతకం నాది.

ఇంత బాగా ఎలా నేర్చుకున్నావన్నాను బయటికొచ్చాక. "నేర్చుకునేదేముంది మేడమ్. అర్థం కాలేదంటే కఫీలు అరుస్తాండె. తలకాయ ఊపేసి, యాడికి పోవల్లో దావలో కనుక్కుంటాంటి." కఫీలంటే అక్కడ అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని.

అతని అరబీకి కువైట్‌లో విలువ లేదు, అక్కడ అందరికీ వచ్చు గనక. రాజంపేటలో లేదు, దానితో ఎవరికీ అవసరం లేదు గనక. ఇక్కడిదాకా నా లెక్క సరిపోయింది. కానీ ఆ గదిలో కరువు ఉంది, దాన్ని తీర్చింది అతను, డబ్బు నాకొచ్చింది. కాబట్టి ఆస్పత్రి కొంటున్నది కరువునూ కాదు, డిగ్రీ కాగితాన్ని. ఇది అన్యాయమని కొన్నాళ్ళు బాధపడ్డాను. బాధపడటం తేలిక.

మరి నా కుర్చీ అతనికిమ్మంటానా? ఇక్కడే తల ఊపడం గుర్తొస్తుంది. మత్తుమందు పడదని రోగి చెప్తున్నప్పుడు అర్థం కాకుండా తల ఊపితే ప్రాణం మీదికొస్తుంది. నేను డాక్టర్లను ఆపుతాను. నాకు తెలియలేదు, మళ్ళీ అడుగుతానంటాను. విసుక్కుంటారు, ఆగుతారు. ఇప్పుడు రోగుల పిల్లలు తెస్తున్న ఫోన్ యాప్‌లు ఆ మాట అనగా నేను వినలేదు. యాస అందకపోయినా ఏదో ఒకటి చెప్పేస్తాయి. నా జీతం దీనికే అనుకుని కాస్త తెరిపినపడ్డాను. అయితే ఇది నాకెక్కడ అబ్బింది? చదువులో మాత్రం కాదు. ఖాళీ వదిలితే సున్నా అని పరీక్షల్లో తోచిందల్లా రాసొచ్చినవాళ్ళమే అందరం. తెలియలేదన్నా ఉద్యోగం పోదన్న ధీమా నాకుంది. అతనికి కువైట్‌లో అది లేదు. జీతం వల్ల వచ్చిన గుణానికే జీతం తీసుకుంటున్నానన్నమాట. ఇది గానుగెద్దు నడక, తెలుసు.

ఆ మధ్య డెస్క్‌లోకి ఇంకొకరిని తీసుకుంటామన్నారు. డిగ్రీ అడగొద్దు, సగమే అందే యాస ఒకటి వినిపించి ఆ మనిషి తెలియలేదంటాడో తోచింది చెప్పేస్తాడో చూడండన్నాను. హెచ్ఆర్ వాళ్ళు నవ్వి, డిగ్రీ మాట అలాగే ఉంచారు. ఆ డ్రైవరైతే ఈ పరీక్ష నెగ్గడని నా మనసులో ఉండేది. కానీ ఆరోజు చివర్లో పెద్దాయన ఏదో గొణిగితే, అతను నావైపు తిరిగి "ఇది నాకూ తెలీలేదు మేడమ్" అనే అన్నాడు. కువైట్‌లో అనలేనిది ఇక్కడ అనేశాడు. ఇక్కడ అది అతని ఉద్యోగం కాదు. రేపు జీతమిచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడితే ఎన్నాళ్ళు అంటాడో. నన్ను కాంట్రాక్టులోకి మారుస్తామంటున్నారు, నేను ఎన్నాళ్ళు అంటానో.