సీతారామపురం టిక్కెట్టు

అక్టోబరు 22

చదవవలసిన భాగం: నిర్గమకాండము 4:10–16

ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో సీతారామపురం బస్సెక్కాను. నేను దిగాల్సింది ఉదయగిరిలో. కండక్టరు దగ్గరికొచ్చి "యాడికబ్బయ్యా?" అన్నాడు. నోరు తెరిచాను. "ఉ" దగ్గర గొంతు బిగుసుకుపోయింది. పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి, ఊపిరి నిలిచిపోయింది, శబ్దం మాత్రం బయటికి రాలేదు. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నాకు "సీ" పలుకుతోంది. "సీతారామపురం" అనేశాను. ఎక్కువ డబ్బులిచ్చి పై ఊరికి టిక్కెట్టు తీసుకుని, మా ఊళ్లో దిగిపోయాను.

నత్తి ఉన్నవాళ్ల బతుకు చాలావరకు ఇలాగే గడుస్తుంది. దోసె తినాలని ఉంటుంది, నోటికొచ్చిన ఇడ్లీ తిని లేస్తాం. జవాబు తెలిసి కూడా తెలియదని తలూపుతాం. ఒక మాటకు బదులు ఇంకో మాట వెతుక్కోవచ్చు గానీ, సొంత పేరుకు బదులు ఏం చెప్తాం? "నీ పేరేంది నాయనా?" అని అడుగుతారని భయపడి చుట్టాల పెళ్లిళ్లకు పోవడమే మానేశాను.

ఆదివారం ఆరాధనలో మాత్రం నా నోటికి అడ్డు ఉండేది కాదు. అందరితో కలిసి పాడుతున్నప్పుడు, ఉత్తర ప్రత్యుత్తర పఠనంలో గొంతు కలిపినప్పుడు ఒక్క అక్షరం తడబడేది కాదు. నత్తి ఉన్న చాలామందికి ఇంతే. ఒంటరిగా చదివితే ఆగిపోయే మాట, పదిమందితో కలిస్తే సాఫీగా వచ్చేస్తుంది. అప్పట్లో ఆ సంగతి నాకు తెలియదు. నా భక్తిలోనే ఏదో లోపముందనీ, పాటప్పుడు పట్టుకున్న చెయ్యిని మాటప్పుడు దేవుడు వదిలేస్తున్నాడనీ కుమిలిపోయేవాణ్ణి.

నత్తి పాపఫలం కాదు, పెంపకంలో తప్పూ కాదు. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల వయసులో మొదలవుతుంది. చాలామంది పిల్లలకు దానంతటదే తగ్గిపోతుంది. పెద్దల్లో నూటికి సుమారు ఒకరికి ఉండిపోతుంది, వాళ్లలోనూ మగవాళ్లే ఎక్కువ. మాటకు కావలసిన కదలికలను మెదడు సమయానికి నడిపించడంలో ఉండే తేడా ఇది. కుటుంబాల్లో తరం నుంచి తరానికి రావచ్చు. భయం దాన్ని పెంచుతుందే గానీ పుట్టించదు. మా అవ్వ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి రోజూ నా నాలుకకు రాసేది. ఆమె ప్రేమ నిజం. అయితే తేడా ఉన్నది నాలుకలో కాదు.

1513లో కృష్ణదేవరాయలు ముట్టడించిన మా ఉదయగిరి కోట మరుసటి ఏడాదికి గానీ లొంగలేదు. నేను నా నోటిని అంతకన్నా ఎక్కువ కాలమే ముట్టడించాను. ఎంత నెడితే అంత బిగిసేది. ఎంత దాస్తే అంత బరువయ్యేది.

అలాంటి రోజుల్లో మోషే మాటలు చదివాను. తన నోరూ నాలుకా మందమని ఆయన దేవునికే చెప్పుకున్నాడు. ఆయనది నత్తేనని గ్రంథం తేల్చి చెప్పదు, కానీ మాట పెగలని వాడి బాధ అందులో ఉంది. మునుపూ నాకు మాట చేతకాలేదు, నువ్వు నాతో మాట్లాడిన తర్వాత కూడా రాలేదు అన్నాడాయన. మండే పొద ముందు నిలబడినా నాలుక తేలిక పడలేదని దేవుని ఎదుటే ఒప్పుకున్నాడు. దేవుడు ఆ నాలుకను బాగుచేసినట్టు ఎక్కడా రాసిలేదు. నీ నోటికి తోడుంటానన్నాడు. నీ అన్న అహరోను నీకు ఎదురొస్తున్నాడు, నిన్ను చూసి సంతోషిస్తాడు అన్నాడు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మోషే తన బాధ చెప్పుకునేసరికి అహరోను దారిలో ఉన్నాడు! చెప్పుకున్నాకే ఆ సంగతి మోషేకు తెలిసింది. ఆ మందమైన నోటి మాటలతోనే ద్వితీయోపదేశకాండము దాదాపు నిండిపోయింది.

1957లో కేరళ మొదటి ముఖ్యమంత్రి అయిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌కూ నత్తి ఉండేది. మన అలగానిపాడు బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్యగారి తర్వాత సీపీఎం ప్రధాన కార్యదర్శి అయింది ఆయనే. ఆ నత్తితోనే జీవితమంతా సభల్లో మాట్లాడారు. నత్తి గురించి అందరికీ తెలియజెప్పడానికి 1998 నుంచి ఏటా ఈ రోజును ప్రపంచమంతటా కేటాయిస్తున్నారు.

ఒక ఆదివారం పాస్టరుగారు నన్ను వాక్యం చదవమన్నారు. మామూలుగా అయితే నీళ్లు తాగే నెపంతో బయటికి పోయేవాణ్ణి. ఆ రోజు లేచి నిలబడి, "నాకు న... న... నత్తి. చదవడానికి కొంచెం సేపు పడుతుంది" అన్నాను. మందిరం నిశ్శబ్దమైంది. ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ కొంగు సర్దుకుంటూ, "చదువబ్బయ్యా, మాకేం తొందర్లేదు. కూరాకు పొద్దున్నే వండేసొచ్చాం" అంది. చాలాసార్లు ఆగాను. ఎవరూ మాట అందించలేదు, ఎవరూ తల దించుకోలేదు. నా అహరోను నూలుచీర కట్టుకుని అన్నేళ్లుగా ముందు వరసలోనే కూర్చుని ఉంది.

మీ ఇంట్లోనో, తరగతిలోనో, సంఘంలోనో ఎవరికైనా మాట ఆగుతుంటే మీరు చేయగలిగింది ఆ ముసలమ్మ చేసింది. వాళ్ల ముఖంలోకి చూస్తూ వినండి. మిగతా సగం మీరు పూర్తి చేయకండి. ఆగి ఆగి వచ్చినా ఆ మాట వాళ్లది.

ఆ వారంలోనే మళ్లీ ఆత్మకూరులో బస్సెక్కాను. కండక్టరు వచ్చాడు. "అన్నా, నాకు నత్తి. ఒక్క నిమిషం" అన్నాను. ఆయన టిక్కెట్ల కట్ట పట్టుకుని నిలబడ్డాడు. "ఉ... ఉ... ఉదయగిరి." టిక్కెట్టు చించి చేతిలో పెట్టి, చిల్లర లెక్కపెట్టిచ్చి, ముందుకు పోయాడు. మా ఊరికి సరిగ్గా ఎంతవుతుందో అంతే తీసుకున్నాడు.

ప్రార్థన: ప్రభువా, నా నోటిని చేసినవాడివి నువ్వే. అది ఆగిన చోట కూడా నువ్వున్నావు. దాచుకున్నదాన్ని చెప్పుకునే ధైర్యం నాకివ్వు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక నా చెవులకివ్వు. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమెన్.

నేటి తలంపు: నేను నోరు తెరిచి చెప్పుకునేసరికే నా తోడు దారిలో ఉంది.

ప్రార్థనాంశం: హాజరు పిలిచేటప్పుడు పలకడానికి భయపడే పిల్లల కోసం.