దీపం కింద చీకటి

అమ్మ పోయిన పదకొండో రోజున, వాట్సాప్‌లో అందరికీ పంపే ఫొటో కింద రెండు ముక్కలు రాయమన్నాడు అన్నయ్య. "పుస్తకాలు చదివేది నువ్వే కదా" అన్నాడు. "మా ఇంటి దీపం" అని రాశాను. అందరూ బావుందన్నారు. పిన్ని ఒక్కత్తే ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని చదివి, "మధ్యాహ్నం పూట అక్క పెరటి మెట్ల మీద ఒక్కత్తే కూచునేది. అప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. నీకు తెలుసా?" అంది.

ఇరవయ్యేళ్లకి పైగా ఆ ఇంట్లోనే ఉన్నాను. నాకు తెలీదు.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు. ఒక మనిషిని ప్రతీకగా మార్చేయడం న్యాయమేనా? ప్రేమతోనే చేస్తాం, నిజమే. కానీ దీపం అన్నాక అది వెలుగుతూనే ఉండాలి. దీపానికి అలసట ఉండదు. దీపం వెళ్లి పెరటి మెట్ల మీద కూచోదు.

ఈ ప్రశ్నతోనే వర్జీనియా వూల్ఫ్ 1927లో వేసిన 'టు ద లైట్‌హౌస్' మళ్లీ తీశాను. కాలేజీలో దీన్ని పరీక్ష కోసం చదివాను. "లైట్‌హౌస్ దేనికి ప్రతీక?" అన్నది ఖాయంగా వచ్చే ప్రశ్న. గమ్యం, సత్యం, ఆశ అంటూ రెండు పేజీలు నింపాను. మార్కులు వచ్చాయి. నవల వచ్చిన ఏడాదే తన మిత్రుడు రోజర్ ఫ్రైకి రాసిన ఉత్తరంలో వూల్ఫ్ మాత్రం, లైట్‌హౌస్‌తో తను చెప్పదల్చుకున్న అర్థమేమీ లేదంది. పుస్తకాన్ని కలిపి ఉంచడానికి మధ్యలో ఒక గీత కావాలి, అంతే అంది. అప్పట్లో ఈ సంగతి తెలిసి ఉంటే మోసపోయాననుకునేవాణ్ణో ఏమో. ఇప్పుడు మాత్రం అసలు తాళంచెవి అదే అనిపిస్తోంది.

కథ చిన్నదే. స్కై ద్వీపంలో రామ్సే కుటుంబం వేసవి ఇల్లు. రేపు లైట్‌హౌస్‌కి వెళ్దామా అని ఆరేళ్ల జేమ్స్ ఆశ. వాతావరణం బావుంటే వెళ్దాం అంటుంది తల్లి. బావుండదు అంటాడు తండ్రి. రెండో భాగంలో పదేళ్లు గడిచిపోతాయి. మిసెస్ రామ్సే చావు మనకి బ్రాకెట్లలో పెట్టిన ఒక వాక్యంలో తెలుస్తుంది. మూడో భాగంలో తండ్రి, జేమ్స్, అతని అక్క కామ్ పడవలో లైట్‌హౌస్‌కి బయల్దేరతారు. పదేళ్ల కిందట ఆగిపోయిన బొమ్మని లిలీ బ్రిస్కో ఒడ్డున నిలబడి మళ్లీ మొదలుపెడుతుంది.

ఈసారి చదువుతుంటే ఒకటి పట్టుబడింది. ఈ నవలలో ప్రతీకలు వస్తువుల గురించి చెప్పేది తక్కువ, చూసేవాళ్ల గురించి చెప్పేది ఎక్కువ. మిస్టర్ రామ్సే తత్వవేత్త. ఆయనకి జ్ఞానమంటే అక్షరమాల. క్యూ దాకా వచ్చాడు, ఆర్ అందడం లేదు. మనిషి ఆలోచన అక్షరమాలలా వరుసగా ఉంటుందో లేదో కానీ, ఆయన మాత్రం అలాంటి మనిషే, ఎప్పుడూ తనని తాను కొలుచుకుంటూ ఉండేవాడు. ఆ దిగులుతో ఆయన భార్య దగ్గరికి ఓదార్పు కోసం వస్తే, ఆమె మోకాళ్ల మధ్య నిలబడ్డ జేమ్స్‌కి తండ్రి ఇత్తడి ముక్కున్న పిట్టలా కనిపిస్తాడు. ఆ పోలికలో తండ్రి కొంతే ఉన్నాడు. పిల్లాడి భయం, కోపం మొత్తం ఉన్నాయి.

ఇక మిసెస్ రామ్సే. పిల్లల గదిలో గోడకి పంది పుర్రె ఒకటి మేకు కొట్టి ఉంటుంది. దాని నీడలు చూస్తే కామ్‌కి నిద్ర పట్టదు. తీసేస్తే జేమ్స్ ఏడుస్తాడు. ఆమె తన ఆకుపచ్చ శాలువ తీసి పుర్రెకి చుట్టేస్తుంది. చూడు, పిట్టగూడులా ఎంత బావుందో అని కూతుర్ని పడుకోబెడుతుంది. పుర్రె అక్కడే ఉందిలే అని కొడుక్కి చెబుతుంది. రెండూ నిజమే. ఆమె బతుకంతా చేసిన పని అదే, మృత్యువుని తీసేయలేకపోయినా కాసేపు కప్పి ఉంచడం. ఆమె పోయాక, ఖాళీ ఇంట్లో ఆ శాలువ మడత తర్వాత మడత వదులవుతుంది. నవల సారాంశం ఒక్క ముక్కలో చెప్పమంటే ఆ శాలువని చూపిస్తాను.

ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆమె అందం, ఆదరణ, వెలుగు. ఆమెకి ఆమె ఏమిటి? పిల్లలు పడుకున్నాక కాసేపు ఒంటరిగా కూచుంటుంది. అప్పుడు తనని తాను ఎవరికీ కనపడని, కొసదేలిన ఒక చీకటి ఆకారంగా అనుకుంటుంది. ఆ చీకట్లో ఆమెకి హాయి. అప్పుడే కిటికీలోంచి లైట్‌హౌస్ వెలుగు వచ్చి పోతుంటుంది. వాటిలో మూడోది, ఎక్కువసేపు నిలిచేది, తనదే అనుకుంటుంది. ఎవరికీ దీపంగా ఉండనక్కర్లేని ఆ కాసేపట్లోనే ఆమెకి తనదంటూ ఒక వెలుగు దొరికింది.

ఇది చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. పిన్ని చెప్పిన మెట్లు గుర్తొచ్చాయి.

మరి లిలీ ఏం చేసింది? జేమ్స్‌కి కథ చదివి వినిపిస్తున్న తల్లిని తన బొమ్మలో ఒక ఊదారంగు త్రికోణంగా వేసింది. తల్లీబిడ్డల్ని నీడగా మార్చడం అగౌరవం కాదా అన్నట్టు విలియం బ్యాంక్స్ ఆశ్చర్యపోతాడు. కాదంటుంది లిలీ. ఇక్కడ వెలుగుంటే అక్కడ నీడ కావాలి. తన గురించి మిసెస్ రామ్సే ఏమనుకుంటుందో లిలీకి తెలీదు. అయినా అందరూ వెలుగు చూసిన చోట ఆమె చీకటి వేసింది. నా దృష్టిలో ఈ నవలలో మిసెస్ రామ్సేకి దక్కిన అసలైన గౌరవం అదే.

పైగా లిలీ గుడ్డి భక్తురాలు కాదు. పెళ్లి చేసుకో చేసుకో అని వెంటపడ్డ ఆమె మీద లిలీకి కోపం ఉంది. ఆమె పట్టుబట్టి కుదిర్చిన ఒక పెళ్లి బాగుపడలేదని తలచుకుని కాస్త గెలిచినట్టు సంబరపడుతుంది కూడా. ఆ తర్వాత ఆమె పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తుంది. ఆ రెండూ అయ్యాకే బొమ్మ మధ్యలో చివరి గీత గీయగలిగింది. అటు పడవలో జేమ్స్ కూడా లైట్‌హౌస్‌ని దగ్గర్నుంచి చూస్తాడు. బండరాయి మీద నిటారుగా నిలబడ్డ నలుపు తెలుపు చారల గోపురం. చిన్నప్పటి మంచులో మెరిసింది అబద్ధమా? కాదు, అదీ లైట్‌హౌసే, ఇదీ లైట్‌హౌసే.

వూల్ఫ్ తల్లి 1895లో పోయింది. అప్పటికి వూల్ఫ్‌కి పదమూడేళ్లు. నలభై దాటేదాకా తల్లి గొంతు తనని వెంటాడేదని, ఈ నవల రాశాక ఇక వినపడలేదని తర్వాత రాసుకుంది. అది విముక్తో, రెండోసారి పోగొట్టుకోవడమో నేను తేల్చలేను. కానీ ప్రతీక లేకుండా ఆమె కూడా తల్లిని పట్టుకోలేకపోయింది. వివరాల జాబితాలో మనిషి నిలవదు. కాబట్టి ప్రతీకలు వద్దు అనడం నా వల్ల కాదు. అడగాల్సింది ఒక్కటే. మనం ఎంచుకున్న ప్రతీకలో ఆ మనిషి మనకి తెలియని భాగానికి చోటుందా?

దీపం కింద చీకటి అని మనం ఎత్తిపొడుపుగా అంటాం, అదేదో దీపం తప్పయినట్టు. ఆ చీకటి దీపం తనకోసం ఉంచుకున్న చోటేమో.

వచ్చే నెల సంవత్సరీకం. ఈసారీ నన్నే రాయమన్నారు. మొన్న ఊరెళ్లినప్పుడు మధ్యాహ్నం ఆ మెట్ల ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. "ఇందులో అమ్మ లేదు కదా" అని మెసేజ్ పెట్టాడు. జవాబు ఇంకా రాయలేదు.