అరువు భాగాల్లో అసలు బండి

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైంది. దాని ఛాసిస్‌కు మూలం హెరాల్డ్ అనే మామూలు కుటుంబపు కారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారుచేసి మన రోడ్ల మీదికి తెచ్చింది. తుప్పుపట్టిన స్పిట్‌ఫైర్‌ను ఇక్కడ ఎవరైనా బతికించాలనుకుంటే, తుక్కు దుకాణంలో పడివున్న హెరాల్డే మొదటి ఆసరా. ముందు సస్పెన్షన్, స్టీరింగు భాగాలు చాలావరకు దీనివి దానికి సరిపోతాయి. అలా ఒకటొకటిగా సగం బండి మారిపోయాక, షెడ్డులోంచి బయటికి వచ్చేది పాత కారేనా? నా సమాధానం అవును. అయితే దానికి రెండు షరతులు: ఆ బండిని నిలబెట్టుకునే శ్రద్ధ మధ్యలో తెగకూడదు, అందులో చేరిన పరాయి భాగాల చరిత్రను దాచకూడదు.

చట్టం ఇంత ఉదారంగా లేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అప్పుడే ‘వీఏ’ అక్షరాల నంబరు. దొంగబండ్లు, దొంగ కాగితాలు ఉన్న లోకంలో చట్టానికి చేత్తో తడిమి చూడగల గుర్తు కావాలి, కాబట్టి తప్పుపట్టలేం. కానీ ఉనికి అంటే ఏమిటన్న ప్రశ్నకు అది జవాబు కాదు. యాభై ఏళ్లు నడిచిన బండిలో టైర్లు, పిస్టన్లు, వైరింగు ఎప్పుడో మారిపోయి ఉంటాయి. ఎన్నో భాగం దగ్గర పాత బండి పోయి కొత్తది పుట్టిందో ఏ ఇన్‌స్పెక్టరూ గీత గీసి చూపలేడు.

ఈ చిక్కును మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు రథంతోనే విప్పాడు. రథమెక్కి వచ్చిన యవన రాజు మిళిందుణ్ణి అడిగాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా? ఏదీ కాదు, వాటిని వదిలేసి విడిగా రథమూ లేదు. అయితే చాలామంది నాగసేనుణ్ణి రథం దగ్గరే ఆపేస్తారు. ఏ భాగమూ రథం కానప్పుడు ఏ భాగాలు కూర్చినా రథమేనని, అసలుకూ నకలుకూ తేడా లేదని తేలుస్తారు. అదే గ్రంథంలో రాత్రంతా వెలిగిన దీపం మాట కూడా ఉంది. మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటీ కాదు, వేరూ కాదు. ఒకదాన్ని ఆసరా చేసుకునే మరొకటి వెలిగింది. తెగని ఈ వరసే ఉనికికి ఆధారం. దీన్నిబట్టి చూస్తే, భాగాలు మారుతూ వచ్చిన బండికీ, తుక్కంతా కూర్చి పాత నంబరు తగిలించిన బండికీ మధ్య పెద్ద తేడానే ఉంది.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఈ వరస కంటికి కనబడుతుంది. గోండుల్లోని మెస్రం వంశీయులు తమ నాగదేవుడు నాగోబాకు పుష్య అమావాస్య నాడు చేసే పూజ కోసం కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. సిరికొండ కుమ్మరులు కొత్త కుండలు చేసిస్తారు. పుట్టను మట్టితో మళ్లీ చేస్తారు. పాత గుడి స్థానంలో వంశీయులే డబ్బు కూడబెట్టి కట్టుకున్న రాతి గుడి 2022 డిసెంబరులో ప్రారంభమైంది. నీరు, కుండ, మట్టి, చివరికి గుడి కూడా మారినా అది నాగోబా సన్నిధి కాదన్నవారు లేరు. వంశమూ అంతే. వేరే ఇళ్లనుంచి వచ్చిన కొత్త కోడళ్లను భేటింగ్ అనే వేడుకలో పెద్దల సమక్షాన దేవుడికి పరిచయం చేస్తారు. మనుషులను యంత్రభాగాలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కొనసాగేది ఏదైనా బయటివాటిని కలుపుకునే కొనసాగుతుంది, ఆ కలుపుకోవడం నలుగురి ఎదుట జరుగుతుంది అన్నదే నాకు ముఖ్యం. గుడిలో దేవుడున్నాడు, కారు ఉత్త ఇనుమే కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కారుకు ప్రాణం ఉందని నేననను. కానీ కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించుకున్న బండికి ఆ తర్వాత ఇంజను బోరు చేయించినా యజమాని దాన్ని అదే బండి అనుకుంటాడు. దేవుడి విషయంలో నమ్మకం ఎంత పెద్దదైనా, వస్తువుల విషయంలో మనం వాడే కొలత అదే: ఎవరో ఒకరు విడవకుండా పట్టుకుని ఉన్నారా అని.

ఇంకో చిక్కు పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తాత్వికుడు హాబ్స్ లేవనెత్తాడు. ఓడకు చెక్కలన్నీ మారుస్తూ పోతుంటే, తీసేసిన పాత చెక్కలను ఒకడు దాచి మరో ఓడ కట్టాడనుకోండి, ఏది అసలు? స్పిట్‌ఫైర్ నుంచి విప్పిన తుప్పు భాగాలతోనూ ఎవరైనా మరో బండి నిలబెట్టవచ్చు. దానికి పాత ఇనుము దక్కుతుంది, నడిచిన బాట దక్కదు. అందుకే నా ఓటు మారుతూ వచ్చినదానికే. భాగాలన్నీ ఒకే పూటలో మారితే మాత్రం నాకు సందేహమే. అప్పుడు వరస సాగినట్టా, ఒకటి పోయి దాని పేరు మరొకటి తొడుక్కున్నట్టా అన్నది తేల్చడం కష్టం.

ఇంత చర్చలో అందరూ మరిచేది హెరాల్డ్‌ను. స్పిట్‌ఫైర్ అందగత్తె, అరుదైనది. హెరాల్డ్ ఏదో ఇంటివాళ్లను పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ మోసిన బండి. తిరగగల హెరాల్డ్‌ను కేవలం ఒక స్పోర్ట్స్ కారు కోసం కోసెయ్యడం నాకు అన్యాయంగానే తోస్తుంది, యజమాని ఒప్పుకున్నా సరే. ఒకదాని వరసను కాపాడడానికి మరొకదాని వరసను కావాలని తెంపుతున్నాం కనుక. లేవలేని స్థితిలో ఉన్నదైతే విప్పవచ్చు. అప్పుడు కూడా ఏ బండినుంచి ఏది తీశారో స్పిట్‌ఫైర్ కాగితాల పక్కన రాసిపెట్టాలి. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక పని అప్పగించింది: ఇక ఎన్నటికీ నడవదని తేలిన బండి యజమాని పద్నాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్.సి. పంపించాలి.