మోడని తొందరపడకమ్మా

బుజ్జమ్మా,

మిన్నియాపొలిస్‌లో మీ కొత్త ఇంటి వెనక నీళ్లు నిలిచే పల్లం ఉందనీ, అక్కడ బాల్డ్ సైప్రస్ వేయాలని ఉందనీ మొన్న ఫోన్‌లో చెప్పావు. ఎంత సంతోషం వేసిందో! ద్రాక్షారామం కాలవ గట్ల మీద ఆడుకున్న పిల్లవి, తడినేల చూస్తే చెట్టు వేయాలని నీకు అనిపించకుండా ఎలా ఉంటుంది? అయితే మొక్క కొనే ముందు ఈ మావయ్య మాట కాస్త విను.

సూదాకుల చెట్లన్నీ ఏడాది పొడుగునా పచ్చగానే ఉండవు. బాల్డ్ సైప్రస్, డాన్ రెడ్‌వుడ్, లార్చ్ జాతులు శీతాకాలానికి ముందే ఆకంతా రాల్చేస్తాయి. నేల గడ్డకట్టాక వేళ్లకు నీరందదు. ఆకుంటే ఉన్న కాస్త తడీ చలిగాలికి ఆరిపోతుంది. అందుకే రాల్చుకుంటాయి.

బాల్డ్ సైప్రస్ అసలు అమెరికా దక్షిణాది చిత్తడి నేలల చెట్టు, లూసియానాకు రాష్ట్ర వృక్షం. నార్త్ కరొలైనాలో బ్లాక్ రివర్ ఒడ్డున ఒక చెట్టుకు కనీసం 2,624 ఏళ్లుంటాయని 2019లో లెక్క తేల్చారు. ఇంకా ఉత్తరాన, దక్షిణ ఇల్లినాయ్‌లోని కాష్ నది చిత్తడిలోనూ అదే సహజంగా పెరుగుతోంది. కాబట్టి నర్సరీలో ముందు ధర అడక్కు, విత్తనం ఎక్కడిదో అడుగు. కడియం నర్సరీల్లో అంటుమొక్క కొనేటప్పుడు తల్లిచెట్టు ఏదని అడిగి మరీ కొంటామే, అలాగన్నమాట. దక్షిణాది విత్తనపు మొక్క ఎదుగుదల ఎప్పుడు ఆపాలో తెలియక శరదృతువులోనూ లేత కొమ్మలు వేస్తుంది. తొలి మంచుకే అవి మాడిపోతాయి. ఉత్తరాది విత్తనమైతే వేళకు ముదురుతుంది.

మైనస్ 25, 30 డిగ్రీలు పడే మీ ఊళ్లో ఈ చెట్టు చలికి అంచు మీద ఉన్నట్టే. బెంగ లేకుండా ఉండాలంటే తోడుగా ఒక టామరాక్ కూడా వెయ్యి. అది మిన్నెసోటా బురదనేలల్లో తనంతట తాను పెరిగే లార్చ్, అంతకు మించిన చలికీ జంకదు. నీడ మాత్రం పడదు, ఎండ తగిలే చోటే నాటు.

బాల్డ్ సైప్రస్ అనుకుని పొరపాటున డాన్ రెడ్‌వుడ్ కొనేవు సుమా. దాన్ని 1941లో జపాన్ శాస్త్రజ్ఞుడు మికి శిలాజాలు చూసి వర్ణించాడు. ఆ తర్వాత చైనాలో బతికున్న చెట్లే దొరికాయి. వాటి విత్తనాలు 1948లో బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్‌కు చేరి అక్కడినుంచి లోకమంతా వెళ్లాయి. చూపుకు ఇదీ బాల్డ్ సైప్రసూ ఒకలాగే ఉంటాయి కనుక కొనేటప్పుడు రెమ్మ చేతిలోకి తీసుకుని చూడు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే డాన్ రెడ్‌వుడ్, ఒకటి ఇటూ ఒకటి అటూ మార్చి మార్చి ఉంటే బాల్డ్ సైప్రస్.

నాటడం వసంతంలోనే, మంచు పూర్తిగా తగ్గాక. అప్పుడు చలి వచ్చేలోగా వేళ్లు నేల పట్టుకుంటాయి. కుండీలో చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీసి నాటు. మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. పాదులో చెక్కపేళ్లు పరుచు, కాండానికి మాత్రం తగలనీయకు. ఆగస్టు దాటాక నత్రజని ఎరువు వెయ్యకు. కుందేళ్లు బెరడు కొరకకుండా చుట్టూ వైరు మెష్ పెట్టు. మట్టి పరీక్ష చేయించు. సున్నం ఎక్కువున్న నేలలో బాల్డ్ సైప్రస్ ఆకు పసుపెక్కుతుంది.

నీళ్ల పక్కనైతే దీని వేళ్లు మోకాళ్లలా పైకి లేస్తాయి. కోరింగ మడ అడవిలో బురదలోంచి పొడుచుకొచ్చే వేళ్లు చూశావుగా! మడచెట్టు వాటితో గాలి పీలుస్తుంది. సైప్రస్ మోకాళ్లు దేనికో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. ఏదేమైనా, నడకదారికి దూరంగా నాటు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మే నెలలో చుట్టుపక్కల చెట్లన్నీ చిగురిస్తే బాల్డ్ సైప్రస్ మాత్రం మోడులా నిలబడి ఉంటుంది. చచ్చిపోయిందని పీకేసేవాళ్లూ ఉంటారు. నువ్వు ఆ పని చెయ్యకు తల్లీ. సన్న కొమ్మ మీద గోటితో కాస్త గీకు. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కొసలు ఎండితే జూన్ వచ్చేదాకా ఆగి, పచ్చదనం కనబడేదాకా కత్తిరించు. లేతప్పుడు ఒకటి రెండు శీతాకాలాలు కొసలు మాడడం మామూలే. వేళ్లు ఊనుకున్నాక అదే తేరుకుంటుంది. చెట్టు కాలం దానిది. దాన్ని తొందరపెట్టకుండా, వదిలెయ్యకుండా చూసుకో.

ఆశీస్సులతో,
మీ మావయ్య