మాటకు ఎవరి ఇల్లు?

మా నాయన రాసుకున్న తత్వాల నోటుపుస్తకాలను వెబ్‌సైటులో పెడదామని ప్రొద్దుటూరులో హోస్టింగు వెతుకుతుంటే ధర్మసందేహం పట్టుకుంది: పరుల యంత్రంలో దాచినది నాదవుతుందా? అసలు నాయన వాటిని ఎన్నడూ తనవనలేదు, గురువు దగ్గర విన్నవనేవాడు.

షేర్డ్ హోస్టింగు సత్రంలాంటిది. ఒకే సర్వరును ఎన్నో సైట్లు పంచుకుంటాయి. ఒకదానికి రద్దీ పెరిగితే తక్కినవి నెమ్మదించవచ్చు. వీపీఎస్‌లో అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వరులో, మన వాటా మెమరీ మనకే, కానీ భద్రతా అప్‌డేట్ల భారం చాలావరకు మనమీదే. డెడికేటెడ్ సర్వరులో యంత్రమంతా మనకే, అదీ అద్దెకే. కదలని అక్షరాల పేజీలకు సత్రం చాలు. అంతకుమించి కోరడం మమకారమేనని నా గట్టి నమ్మకం.

ఆ మాటకొస్తే వేమన పద్యాలకు ఒక్క గూడంటూ లేదు. నోళ్లలో, తాటాకుల్లో చెదిరి బతికాయి. సి.పి. బ్రౌన్ దొర ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, 1829లో అచ్చువేయించాడు. ఒక్కచోటే దాచి ఉంటే, ఆ చోటుతోపాటే పోయేవేమో!

అందుకే డొమైను, అంటే సైటు చిరునామా, నా పేరిట రిజిస్టరు చేయించి, ఫైళ్ల నకలొకటి ఇంట్లో, ఇంకొకటి కర్నూలులో అక్క దగ్గర ఉంచాను. కంపెనీ మారాల్సి వస్తే వాటిని కొత్తచోట ఎక్కించి, డొమైను అటు తిప్పితే సరి.