మైత్రియు విక్రయమును

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు చాటిన కాయక సిద్ధాంతమున హీనవృత్తి యనునది లేదు. బట్టలుదికిన మడివాళ మాచయ్యయు, త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు శరణులలో పూజ్యులైరి. కావున ఇంటింటికి తిరిగి సబ్బులు, నూనెలు, బలవర్ధకపు పొడులు అమ్ముకొను మిత్రుని చిన్నచూపు చూచుట శరణమార్గము గాదు. అయినను ఆ మిత్రుడు సంచి విప్పినప్పుడు అక్కరలేని వస్తువును మొగమాటముచే కొనుట ధర్మమా, కాదనుట ధర్మమా యను సందేహము నేడు పెక్కు గృహములలో కలుగుచున్నది.

చందయ్యను గూర్చిన ఐతిహ్యము ఇందుకు దారి చూపును. ఆయన పేనిన త్రాటికి బసవన్న భక్తిచే మిక్కిలి హెచ్చు ధనము నిచ్చెనట. చందయ్య సంతసింపక, న్యాయమైన వెలకు మించినదానిని త్రిప్పి పంపించెను. ఇచ్చినవాడు ఇష్టపడియే ఇచ్చెను గదా యని సరిపెట్టుకొనలేదు. ప్రేమచే పెరిగిన వెల కాయకఫలము గాదని ఆయన భావము. ఇష్టముతో నిచ్చినదే అట్లయినప్పుడు, మొగమాటముతో నిచ్చినదాని మాట చెప్పవలెనా?

నేటి విక్రయములలో మరియొక చిక్కు కలదు. అంగడివానికి సరుకు అమ్ముడుపోయిన చాలును. గొలుసు పద్ధతిలో నున్న మిత్రుడు మనలను గూడ విక్రేతలుగా చేర్చగోరును. ఒకడు ఐదుగురిని, వారొక్కొక్కరు మరి ఐదుగురిని చేర్చుచు పోయినచో పదియవ అంచెకే 97,65,625 మంది కావలెను. చేరికలపైననే లాభము నిలిచియున్నచో చివరి అంచెలవారు నష్టపోక తప్పదు. ఇట్టి ధనచలామణి పథకములను 1978 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. 2021 డిసెంబరులో వెలువడిన ప్రత్యక్ష విక్రయ నియమములు పిరమిడ్ పథకములను కూడదనుటయే గాక, గుర్తింపు కార్డును ముందస్తు అనుమతియు లేక విక్రేత వినియోగదారుని ఇంటికి పోరాదని శాసించినవి.

కాని చట్టము మొగమాటమును పోగొట్టజాలదు. దానిని సత్యవచనమే పోగొట్టవలెను. వస్తువు అవసరమై, వెల తగినదైనచో నిస్సంకోచముగా కొనవచ్చును. లేనిచో “ఇది మాకు అక్కరలేదు, నీవు మాత్రము ఎప్పటివలెనే వచ్చుచుండుము” అని తొలిసారియే మృదువుగా చెప్పవలెను. “వచ్చే నెల చూతము” అనుట దయ గాదు, మిత్రుని వ్యర్థముగా త్రిప్పుటయే. మొగమాటముతో కొన్న సీసా అతనికి గిరాకీ యున్నదను భ్రమ కలిగించును. ఆ భ్రమతో అతడు అప్పుచేసి మరింత సరుకు తెచ్చుకొనును.

మిత్రుడు నిజముగా ఇబ్బందిలో నున్నచో అడిగి తెలిసికొని, శక్తికొలది సాయపడవలెను. అది దాసోహము. ఒక సీసా కొని సాయము చేసితినని తృప్తిపడుట దాసోహము గాదు.

అమ్మువారును తమను తాము ప్రశ్నించుకొనవలెను: ఎరుగనివాడు ఈ వస్తువును ఈ వెలకు కొనునా? కొనునన్నచో అది కాయకమే, ధైర్యముగా అమ్ముకొనవచ్చును. కొనడన్నచో తాము అమ్ముచున్నది సరుకు గాదు, స్నేహము.